మాస్టారు పిలిచిందే స్కోరు

ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. కోర్టులో ఉన్న నలుగురిలో వయసులో ఎవరు పెద్దో వాళ్లే స్కోరు పిలవాలి. పిలిచాక మిగతా ముగ్గురూ నోరెత్తకూడదు. కుర్రకారైతే ఒక్క పాయింటు కోసం గంటసేపు కొట్టుకు చస్తారు. అరవై దాటినవాళ్లకు ఉన్న కాస్త ఊపిరీ ఆటకే చాలదు, ఇక పోట్లాటకెక్కడ మిగులుతుంది? అందుకని ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో ఈ ఏర్పాటు చేసి వెళ్లారు. మంచి ఏర్పాటే. దాని చాటున ఒక మనిషికి ఇంత నష్టం జరుగుతుందని పాపం వాళ్లు మాత్రం కలగన్నారా?

హాలంటే గొప్పగా ఊహించుకోకండి. ఒకప్పటి దూది గోడౌను. పైన రేకులు, కింద చెక్క పలకల నేల, మధ్యలో ఒక వల, నాలుగు ట్యూబులైట్లు, వాటిలో ఒకటి ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. గాలికి షటిల్ పక్కకు పోతుందని ఫ్యాను వెయ్యరు. పొద్దున్నే తలుపు తియ్యగానే నొప్పుల మందు వాసన గుప్పుమంటుంది. మోకాళ్లకు పట్టీలు, మోచేతులకు పట్టీలు, నడుములకు బెల్టులు. వీళ్లు ఆటకు వస్తున్నారో, యుద్ధం నుంచి తిరిగొస్తున్నారో కొత్తవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు.

తెల్లవారగానే దిగే నలుగురిలో వయసులో పెద్ద, లెక్కల మాస్టారు. డెబ్బై రెండేళ్లు. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ ఆయన గొంతు రిటైరు కాలేదు. “పదకొండు – తొమ్మిది!” అని పిలిచారంటే ఎవరు గెలుస్తున్నారో రోడ్డవతలి వాళ్లకు కూడా తెలిసిపోవాల్సిందే. ఆయన జోడీ టైలరు. వల అవతల ఆడేది పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి వచ్చినావిడ, అందరూ సిస్టరమ్మ అంటారు. ఆవిడ జోడీ బేకరీ ఆయన. ఆయనకు అరవై ఒకటి. నలుగురిలోకీ చిన్నవాడు కాబట్టి ‘కుర్రాడు’ అని పేరు పడిపోయింది. ఆ పేరు విని మురిసిపోయి ఆయన జుట్టుకు రంగు కూడా మొదలుపెట్టాడు.

టైలరూ మాస్టారూ ఉత్త జోడీ కాదు, వియ్యంకులు. టైలరు ఒక్కగానొక్క కూతురు మాస్టారి కోడలు. పెళ్లయిన కొత్తల్లో టైలరును చూస్తే జాలేసేది. ఏళ్ల తరబడి మిషను మీద వంగి వంగి నడుము నిలవడం మానేసింది. భార్య పోయాక తిండికి వేళ లేదు, నిద్రకు వేళ లేదు, షుగరు మాత్రం వేళకు పెరిగేది. ఒకరోజు మాస్టారు చొక్కా కొలతలివ్వడానికి దుకాణానికొచ్చి, కుర్చీలోంచి లేవడానికి వియ్యంకుడు పడుతున్న పాట్లు చూశారు.

“బావగారూ, నడుమును ఆ మిషనుకు రాసిచ్చేశారా ఏంటి?” అన్నారు.

మర్నాడు పొద్దున్నే రెండు రాకెట్లు పట్టుకుని షట్టరు ముందు నిలబడ్డారు. నాకు ఆటలు రావు మొర్రో అని టైలరు మొత్తుకున్నా వినలేదు. “మా క్లాసులోకి ఎవరూ అన్నీ వచ్చి రాలేదండీ” అని లాక్కెళ్లారు. మొదటి నెలల్లో టైలరు రాకెట్టు ఊపితే గాలి తప్ప ఏమీ తగిలేది కాదు. మాస్టారు విసుక్కోకుండా షటిల్ మీద షటిల్ వేసేవారు. “తప్పు. మళ్లీ. తప్పు. మణికట్టు. మళ్లీ.” ఆయన నోట తప్పు అన్న మాటలో కోపం ఉండేది కాదు, వెటకారం ఉండేది కాదు. తప్పు అంటే తప్పు, అంతే. ఇప్పుడు టైలరుకు అరవై ఆరు. నడుము నిటారుగా ఉంది, షుగరు చెప్పినట్టు వింటోంది, మేడమెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కుతాడు. “మా వియ్యంకుడే లేకపోతే నేనీపాటికి గోడ మీద ఫొటోలో ఉండేవాణ్ని” అని కొలతలకు వచ్చిన ప్రతివాడితోనూ చెప్పేవాడు. అది ముఖస్తుతి కాదు, పచ్చి నిజం.

పోయిన ఏడాది వానలప్పుడు మాస్టారు మొదటిసారి స్కోరు తప్పారు.

పది – పది ఉండాలి. ఆయన “పన్నెండు – పది!” అని పిలిచారు. వల అవతల కుర్రాడు నోరు తెరిచాడు. మాస్టారి వెనక నిలబడ్డ టైలరు గబుక్కున తల అడ్డంగా ఊపి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. కుర్రాడు నోరు మూసుకున్నాడు. ఆట సాగింది. పెద్దాయన, ఏదో పరధ్యానం, అందరికీ ఉండేదే అనుకున్నారు.

అలా ఒకసారి ఊపిన తల ఏడాదంతా ఊపుతూనే ఉండాల్సి వచ్చింది.

స్కోరు తప్పితే నోటి మాటతో పోదు ఆ ఆటలో. సర్వీసు చేసేవాళ్ల స్కోరు సరిసంఖ్య అయితే కుడివైపు నుంచి, బేసి అయితే ఎడమవైపు నుంచి చెయ్యాలి. మాస్టారు తప్పు పిలిచి, ఆ తప్పుకు తగ్గట్టు తప్పు పక్కన నిలబడేవారు. మిగతా ముగ్గురూ కిమ్మనకుండా తామే పొరపాటున నిలబడ్డట్టు అటూ ఇటూ సర్దుకునేవారు. “అయ్యో, నేనే చూసుకోలేదు మాస్టారూ” అని కుర్రాడు నెత్తి కొట్టుకునేవాడు, ఎంత బాగా కొట్టుకునేవాడంటే నాటకాల్లో చేరవలసిన మనిషి. ఒకరోజు ఆట ఇరవై ఒకటికి అయిపోయినా మాస్టారి లెక్కలో ఇంకా పదిహేను దగ్గరే ఉంది. నలుగురూ నాలుకలు బయటపెట్టి దాదాపు ఆటన్నర ఒక్క ఆటగా ఆడారు. ఆ రోజు బేకరీలో బ్రెడ్డంతా మాడిపోయింది. దాని గురించి వాళ్లు నవ్వుకున్నారు కూడా. మాస్టారికి వినబడకుండా నవ్వుకున్నారు.

సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఒకరోజు మాస్టారు వెళ్లిపోయాక టైలరును ఆపింది.

“టైలరుగారూ, ఇది వయసుతో వచ్చే మతిమరుపు కాదు. వార్డులో ఇలాంటివాళ్లను చూశాను. ఇంట్లో చెప్పండి.”

“చెబితే ముందు ఆట మాన్పిస్తారు సిస్టరమ్మా. ఆట మానేస్తే ఆ మనిషి ఇంకేం మిగులుతారు?”

“చెప్పకపోతే?”

టైలరు వంగి బూటు లేసులు సరిచేసుకున్నాడు. సిస్టరమ్మ ఒక నిట్టూర్పు విడిచింది. “మీరూ మీరూ చుట్టాలు. మీరు చెబితే బాగుంటుంది. నేను చెబితే చాడీ అవుతుంది” అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

చెప్పకపోవడానికి టైలరు దగ్గర కారణాలు కావలసినన్ని ఉన్నాయి. పిల్లనిచ్చినవాడు వెళ్లి, మీ నాన్నగారికి మతి తప్పుతోందని అల్లుడితో ఏ నోటితో అంటాడు? పైగా హాలు కట్టుబాటు ఉండనే ఉంది, పెద్దవాళ్లు పిలిచాక ఎవరూ మాట్లాడకూడదు. ఇవన్నీ పైకి చెప్పుకోవడానికి. అసలు సంగతి ఏమిటంటే మాస్టారు లేని పొద్దును టైలరు ఊహించుకోలేకపోయాడు. తన కోసం దాచాడు, ఆయన కోసం దాస్తున్నానని అనుకున్నాడు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా ఏవో కారణాలు ఉండే ఉంటాయి.

మాస్టారి భార్య వారానికొకసారైనా దుకాణం మీదుగా వెళుతూ ఆగేది. “అన్నయ్యగారూ, ఆటలో ఎలా ఉంటున్నారు ఆయన?”

“ఆయనకేం చెల్లెమ్మా, నిప్పులా ఉన్నారు.”

“స్కోరూ అదీ…”

“స్కోరు ఆయన పిలవాల్సిందే. మేం ఆడాల్సిందే.”

అని మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. ఆ చప్పుడులో ఆవిడ ఇంకో ప్రశ్న అడగడానికి వీలుండేది కాదు. కాసేపు నిలబడి వెళ్లిపోయేది. ఒక్కోసారి మిషనులో గుడ్డ కూడా ఉండేది కాదు.

ఈ ఏడాది వానలు మొదలైన వారంలోనే ఒక పొద్దున మాస్టారు హాలుకు రాలేదు.

ముగ్గురూ వల దగ్గర నిలబడి ఎదురుచూశారు. మాస్టారి నిఘంటువులో ఆలస్యమన్న మాట లేదు. టైలరు ఫోను చేస్తే వియ్యపురాలు ఎత్తింది. “బయల్దేరి గంటయింది కదా అన్నయ్యగారూ!” అన్నది.  ఇంటికీ హాలుకూ మధ్య రెండు మలుపులు, ఒక రోడ్డు. అంతే.

టైలరు అల్లుడు బండి మీద ఒకవైపు వెళ్లాడు. టైలరు వానలో నడుచుకుంటూ మూసిన దుకాణాల అరుగులన్నీ చూసుకుంటూ పోయాడు. ఎవరైనా ముసలాయన గొడుగు కింద కనిపిస్తే చాలు, దగ్గరికెళ్లి ముఖం చూసేవాడు. చివరికి ఆచూకీ కుర్రాడి బ్రెడ్డు వ్యాను డ్రైవరు ద్వారా తెలిసింది. బస్సు డిపో క్యాంటీనులో సరుకు దింపుతుంటే, రాకెట్టు సంచీ పట్టుకున్న పెద్దాయన కనబడ్డారట.

టైలరు వెళ్లేసరికి మాస్టారు బస్సులు ఆగేచోట బెంచీ చివర నిటారుగా కూర్చుని ఉన్నారు. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. సంచీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. చుట్టూ బస్సులు రొద పెడుతూ తిరుగుతున్నాయి. వియ్యంకుణ్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది.

“రండి బావగారూ. ఇవాళ ఎవరూ రాలేదేంటి? వల కూడా కట్టలేదు.”

టైలరు నోట ఏడాదిగా అలవాటైన అబద్ధం అడగకుండానే బయటికొచ్చింది. “నాదే ఆలస్యం బావగారూ. నేనే లేటుగా లేచాను.”

“అదీ సంగతి!” అని మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. తప్పు తనది కాదని తేలినందుకు ఆయన కళ్లలో ఎంత నిశ్చింత కనిపించిందంటే, టైలరుకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఆసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు జరిగాయి. తల ఫొటోలు తీశారు. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని ఏవేవో అడిగింది. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటే మాస్టారు గుక్క తిప్పుకోకుండా, ఆవిడ కాగితం మీద చూసుకునే లోపే, చివరిదాకా వెళ్లిపోయారు. గదిలో అందరి ముఖాలూ వికసించాయి. ఆ తర్వాత డాక్టరమ్మ, ఇందాక చెప్పిన మూడు మాటలేమిటో చెప్పమంది. ఏనుగు, గొడుగు, తాళంచెవి. మాస్టారు నవ్వుతూ అన్నారు, “ఏ మాటలమ్మా? మీరేం చెప్పలేదే.”

టైలరు గదిలోకి వెళ్లలేదు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి కూతురు బయటికొచ్చింది.

“ఎప్పుడు మొదలైందని అడుగుతోంది నాన్నా డాక్టరమ్మ. మొన్నటిదాకా ఏమీ లేదని చెప్పాం. రోజూ షటిల్ ఆడతారు, స్కోరు ఆయనే పిలుస్తారు, ఒక్కటీ తప్పరు, మా నాన్న పక్కనే ఉంటాడని చెప్పాను. ఆవిడ నమ్మట్లేదు. ఏడాది పైనే అయ్యుంటుందంటోంది.”

టైలరు చేతులు చూసుకున్నాడు. “తప్పుతున్నారు తల్లీ.”

“ఏంటి?”

“స్కోరు. పోయిన వానల నుంచి తప్పుతున్నారు. మేమే సర్దుకుపోతున్నాం.”

ఆ పిల్ల అరిచినా బాగుండేది. అరవలేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఎలా చూసేదో అలా చూసింది. “మందులతో తగ్గేది కాదట నాన్నా. కానీ మొదట్లోనే వేసుంటే కాస్త నెమ్మదించేదట. పోయిన ఏడాది ఇక తిరిగి రాదట.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అత్తయ్యగారికి నేను చెప్పను. నువ్వే చెప్పు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రం టైలరు వియ్యపురాలి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది. లోపలి గదిలో మాస్టారు నిద్రపోతున్నారు. టైలరు నిలబడే ఉండి, దాచకుండా, కారణాలు చెప్పకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ వింటున్నంతసేపూ ఈనెలు తీస్తూనే ఉంది. అయ్యాక చేతులు ఆగాయి.

“ఇంట్లో ఒకే మాట నన్ను పదిసార్లు అడిగేవారు” అన్నది నెమ్మదిగా. “నాకు భయమేసేది. మీ దుకాణం దగ్గర ఆగేదాన్ని. నిప్పులా ఉన్నారనేవారు మీరు. ఓహో, అక్కడ అంత బాగా ఉన్న మనిషి ఇంట్లో ఇలా ఉన్నారంటే లోపం నాలోనే ఉందనుకున్నాను. నేనే సరిగ్గా చెప్పట్లేదేమో, నేనే విసుక్కుంటున్నానేమో, నాదే చాదస్తమేమో అనుకున్నాను. ఏడాది నన్ను నేనే తిట్టుకున్నాను అన్నయ్యగారూ.”

టైలరు ఇలాంటిదొకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. మాస్టారి పరువు కాపాడుతున్నాననుకున్నాడు గానీ, ఆ పరువుకు బదులు ఈవిడ మనసు కోతపడుతోందని తనకు తట్టలేదు. 

ఆవిడే మళ్లీ అన్నది. “మావాడు ఆట మాన్పిద్దామంటున్నాడు. డాక్టరమ్మ వద్దంది. కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లూ ఆడనివ్వండి, నలుగురిలో ఉంచండి, అదీ మందేనంది. నేను పంపిస్తాను. తీసుకొచ్చేదీ తీసుకెళ్లేదీ నేనే. కానీ ఒక్క మాట. ఆయన తప్పు పిలిస్తే తప్పని ఆయన ముఖం మీదే చెప్పాలి. తర్వాత నాకూ చెప్పాలి. ఎంతలో ఉన్నారో నాకు తెలియాలి. నన్నింక చీకట్లో ఉంచొద్దు.”

“చెబుతాను చెల్లెమ్మా.”

“చెప్పలేననుకుంటే ఇప్పుడే అనండి. రేపటి నుంచి పంపించను, అంతే.”

“చెబుతాను” అన్నాడు మళ్లీ. అనడం తేలికే.

పది రోజుల తర్వాత మాస్టారు హాలుకు వచ్చారు. డాక్టరమ్మ ఆయనకు జబ్బు సంగతి దాచకుండా చెప్పింది. ఆయన విని సరేనన్నారు, మర్నాడు మళ్లీ అడిగారు, మళ్లీ విని మళ్లీ సరేనన్నారు. బట్టల ఇస్త్రీ మడత మాత్రం ఎప్పటిలాగే నలగలేదు. భార్య తలుపు పక్క బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. కుర్రాడు ఆ రోజు జోకులు వెయ్యలేదు.

ఆట మొదలైంది. మాస్టారి చెయ్యి తప్పలేదు, కాలు తడబడలేదు. వల మీదుగా షటిల్‌ను పూవులా జారవిడిచే ఆ పాత విద్య అలాగే ఉంది. ఒళ్లు అంత బాగా గుర్తుపెట్టుకున్నదాన్ని తల ఎందుకు వదిలేస్తోందో ఎవరు చెప్పగలరు? ఆరు – ఆరు దగ్గర సర్వీసు మాస్టారిది.

“ఏడు – ఆరు!” అని పిలిచి ఎడమవైపుకు వెళ్లి నిలబడ్డారు.

సిస్టరమ్మ కదలకుండా టైలరు వైపు చూసింది. టైలరు నోరు తెరిచాడు.  ఎదురుగా ఆ నిటారు వీపు, ఆ తెల్ల చొక్కా, తను కుట్టిన చొక్కా. ఆ వీపుతో ఏమని చెబుతాడు? తల దించుకుని నేల చూశాడు. మాస్టారు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి మళ్లీ ముందుకు తిరిగారు. సిస్టరమ్మ చిన్నగా తల ఊపి, చోటు మార్చుకుంది. ఆట సాగింది. బెంచీ వైపు చూసే ధైర్యం టైలరుకు లేకపోయింది.

ఇంకాసేపటికి అవతలివాళ్లు ఒక పాయింటు ముందుకు వెళ్లారు. ఒక పెద్ద ర్యాలీ తర్వాత మాస్టారు కొట్టిన షటిల్ వలకు తగిలి పడింది. ఆయన రొప్పుతూ వెనక్కి తిరిగి, “పది – పది!” అన్నారు.

“తప్పు” అన్నాడు టైలరు.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. కుర్రాడి చేతిలో షటిల్ ఆగిపోయింది. మాస్టారు నెమ్మదిగా తిరిగారు.

“ఏమన్నారు?”

“తప్పు బావగారూ. తొమ్మిది – పదకొండు. మనం వెనకబడి ఉన్నాం.”

మాస్టారి ముఖం ఎర్రబడింది. “ఈ హాల్లో పెద్దవాళ్లు పిలిచాక ఎవరూ మాట్లాడరు. మర్చిపోయారా?”

“మర్చిపోలేదు.”

మాస్టారు రాకెట్టును నేల మీద పెట్టేశారు. అవతలి గోడ దగ్గరున్న బల్ల మీదకు వెళ్లి కూర్చుని, కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ తుడవడం అవ్వదు. అయిపోయింది, ఇక రేపటి నుంచి ఈయన రారు అనుకున్నాడు టైలరు. చెప్పలేనని చెల్లెమ్మతో అనేస్తే బాగుండేది, మాట ఇవ్వకపోతే బాగుండేది. అంత మాత్రం ధైర్యం ఉంటే ఏడాది కిందే ఉండాల్సింది. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు.

“ఏడాదిగా తప్పుతున్నారు బావగారూ” అన్నాడు. “వీళ్లు చెబుతామన్నారు. నేనే చెప్పనివ్వలేదు.”

“ఎందుకని?”

“చెబితే మీరు రావడం మానేస్తారని.”

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని వియ్యంకుడి వైపు చూశారు. కోపం ఎప్పుడు దిగిందో దిగింది. మిగిలిన దాన్ని కోపమనడానికి లేదు.

“నా ఉద్యోగమంతా పిల్లల ముఖం మీద తప్పని చెప్పడమే కదయ్యా. ఒక్కడైనా బడి మానేశాడా?”

 మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. వెళ్లి రాకెట్టు తీసుకున్నారు. “ఎంతన్నారు?”

“తొమ్మిది – పదకొండు.”

“తొమ్మిది – పదకొండు!” అని రేకులు అదిరేలా పిలిచారు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తప్పారు. రెండుసార్లూ టైలరు తప్పని చెప్పాడు. ఒకసారి చెప్పాక రెండోసారి తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ప్రతిసారీ మాస్టారు ఒక్క క్షణం ఆగేవారు, ముఖంలో ఏదో వెతుక్కునేవారు, దొరకక, టైలరు చెప్పిన అంకెను తీసుకుని గట్టిగా పిలిచేవారు. ఓడిపోయారు. ఓడిపోయినప్పుడు ఎప్పుడూ చేసినట్టే వల కింద నుంచి చెయ్యి చాపి అవతలివాళ్లతో కరచాలనం చేశారు. కుర్రాడు ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు.

మాస్టారు బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, ఆయన భార్య లేచి టైలరు దగ్గరికి వచ్చింది. ఏమీ అడగలేదు. నిలబడింది. తొక్కడానికి అక్కడ మిషను లేదు.

“మూడుసార్లు తప్పారు చెల్లెమ్మా” అన్నాడు టైలరు. “మూడుసార్లూ చెప్పాను.”

ఆవిడ కళ్లు మూసుకుని తల ఊపింది.

“నాలుగు” అన్నారు మాస్టారు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన తల ఎత్తకుండానే లేసు ముడి విప్పుకుంటున్నారు.

“మొదటిది ఆయన మింగేశారు. సిస్టరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన నేల చూశారు. అలా నేల చూశారంటే నేనేదో తప్పానన్నమాట.” ముడి ఊడింది. బూటు తీసి పక్కన పెట్టారు. “ఎంతలో తప్పానో మాత్రం నాకు తెలియదు.”

మూడు మాటలు గుర్తుండని మనిషికి ఇది ఎలా గుర్తుందో టైలరుకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఈ ఏడాదిలో తాము ముగ్గురూ ఎన్నిసార్లు నేల చూడలేదు? అన్నిసార్లూ ఈయన చూసి ఉంటారు. ఏదో తప్పానని తెలిసి, ఏం తప్పానో తెలియక, చెప్పేవాడు లేక, ఆ భయాన్ని రోజూ ఒంటరిగా ఇంటికి మోసుకెళ్లి ఉంటారు. పక్కనే జోడీ ఉండి కూడా.

టైలరు వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు. ఈసారి నేల చూడలేదు.

“ఆరు – ఆరు బావగారూ. మీరు ఏడు – ఆరన్నారు.”

“ఆరు – ఆరు” అన్నారు మాస్టారు, పాఠం అప్పజెబుతున్నట్టు. తర్వాత రెండో బూటు లేసు మీద చెయ్యి వేశారు.

టైలరు వియ్యపురాలి వైపు తిరిగాడు.

“నాలుగు చెల్లెమ్మా” అన్నాడు. “ఇవాళ నాలుగుసార్లు తప్పారు.”